వెనుక బల్ల పద్యానికి టీకా తాత్పర్యములు

ఆ. కోత బల్ల వెనుక గోరంత పల్లాన
నిలుపవలయు నొక్క నీటు బల్ల;
గాడి రెండు తీసి, కాళ్లకు మర లిచ్చి,
మైన మద్ది యెపుడు మడిగ నుంచు.

అవతారిక: సామిల్లులో దుంగను ఒకరు తోస్తే వెనక ఇంకొకరు అందుకుంటారు. అమెరికాలో కారు గరాజునే కార్ఖానా చేసుకున్న గృహస్థుకు ఆ రెండో మనిషి ఉండడు. ఇల్లాలిని పిలిస్తే మొదటిసారి వస్తుంది, రెండోసారి ఆ పిలుపు వినపడదు. కాబట్టి, వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ మనిషికి బల్ల ఆదేశంగా వచ్చింది.

టీక: కోత బల్ల వెనుక = టేబుల్ సా అనబడు యంత్రమునకు వెనుక, అనగా కోసిన చెక్క బయటకు వచ్చు దిక్కున; గోరంత పల్లాన = 1.5 నుండి 3 మిల్లీమీటర్ల దిగువన; నీటు బల్ల ఒక్క = మేకు తల గాని అతుకు గాని పైకి లేవని బల్ల నొకదానిని; నిలుపవలయు = నిలబెట్టవలెను; గాడి రెండు తీసి = యంత్రము మీది రెండు గాళ్లకు సూటిగా దీనిమీదను రెండు తొలిచి; కాళ్లకు మరలిచ్చి = ఎత్తు సవరించుటకు మరపాదములు బిగించి; మైనమద్ది = మైనము రుద్ది; ఎపుడు = పని యున్నను లేకున్నను; మడిగ నుంచు = పరవస్తువుల స్పర్శ లేకుండ కాపాడుము.

తాత్పర్యం: 8 అడుగుల ప్లైవుడ్ షీటును నిలువునా కోస్తున్నామనుకోండి. కోత ముగిసేసరికి దాని నడిమి భాగం రంపం దాటి 4 అడుగులు వెనక్కి పోయి ఉంటుంది. అక్కడ ఆధారం లేకపోతే చెక్క ఆ కొసన కిందికి వాలి, ఈ కొసన పైకి లేస్తుంది. రంపం వెనక పళ్లు కింది నుంచి పైకి లేచి మనవైపే తిరుగుతాయి. వంకరపోయిన చెక్క వాటికి చిక్కితే తోసినవాడి మీదికే విసిరేస్తాయి. వాలే చెక్కను పట్టుకుందామని తిరిగే రంపం మీదుగా చెయ్యి చాపడం అంతకన్నా ప్రమాదం. అందుచేత రంపం నుంచి వెనక్కి 4 అడుగులకు పైచిలుకు ఆధారం ఉండాలని భావం. యంత్రం బల్ల రంపం వెనక ఎంత మిగిలిందో చూసుకుని, తక్కినది ఈ బల్లతో పూరించాలి.

పాఠాంతరం: మొదటి పాదంలో ‘గోరంత పల్లాన’ బదులు ‘కొలతకు సరిగాను’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. గణాలూ యతీ కుదిరాయి గాని చెక్క కుదరదు. రెండు బల్లలూ సరిసమానంగా ఉన్నా, ఏ వెంట్రుక వాసో వెనకది లేచిందా, చెక్క అంచు దానికి తగులుకుని కోత మధ్యలో ఆగిపోతుంది. కావున ఆ పాఠం లేఖక ప్రమాదం. పరీక్ష: వెనుక బల్ల మీద పావు డాలరు బిళ్ల పెట్టి, యంత్రం మీద నుంచి తిన్నని ఇనుప బద్దను వెనక్కి జరపాలి. బిళ్ల మందం 1.75 మిల్లీమీటర్లు. బద్ద దాన్ని కదల్చకుండా పోతే పల్లం చాలినట్టు.

ఈ పల్లంలో వినయోపదేశం ధ్వనిస్తోందని కొందరు వ్యాఖ్యాతలు. చెక్క అంచు తగులుకోకపోవడమే వాచ్యార్థం; అది చాలు.

శంక: రోలరు స్టాండు చాలదా?
సమాధానం: చాలదు. రోలరు చెక్క నడకకు అడ్డంగా, మూలమట్టానికి ఉండాలి. కాస్త వాలుగా పెట్టారా, చెక్కను తనవైపు లాక్కుపోతుంది. బల్లకు ఆ పక్షపాతం లేదు.

విశేషాలు: గాడి వెడల్పు యంత్రం గాడిలాగే 19 మిల్లీమీటర్లు చేస్తే వాతావరణం మారి బల్ల జరిగినప్పుడు గాడిలో జారే మైటర్ గేజి పట్టీ ఇరుక్కుంటుంది, 24 దాకా చేసినా దోషం లేదు. నీళ్లు బయటికి పోవడానికి గరాజు నేలను తలుపువైపు వాలుగా పోస్తారు గనుక మరపాదాలు విధి, వికల్పం కాదు. మోటారు వెనక వేలాడే యంత్రమైతే, రంపాన్ని 45 డిగ్రీలు వంచినప్పుడు ఆ మోటారు బల్లకు తగలకుండా చోటు వదలాలి. మైనంలో సిలికోన్ ఉండరాదు. అది చెక్కకంటితే వార్నిష్ పట్టదు.

‘మడి’ అనడంలోనే కవి లోకజ్ఞత ఉంది. నడుమెత్తు బల్ల ఖాళీగా కనబడితే ఏ ఇంట్లోనూ ఊరుకోరు. కాఫీ కప్పు, టేపు, జిగురు డబ్బా, కొరియర్ అట్టపెట్టెలు, చివరికి మామిడి ఊరగాయ పార్సిలూ అక్కడే చేరతాయి. ఎండి గట్టిపడిన జిగురు బొట్టు చెక్కకు గోడతో సమానం.

అలంకారం: స్వభావోక్తి. 10 అంగుళాల రంపం నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పళ్ల వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. ఇక అతిశయోక్తికి చోటు లేదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని కంఠస్థం చేసినందువల్ల ఏ ఫలమూ లేదు. బల్ల కట్టండి, స్విచ్చి వేసే ముందు ప్రతిసారీ దాని మీదున్నవన్నీ తీసెయ్యండి.