అందరికీ పనీరే!

నానా రకాల తిండి పట్టింపులున్న పదిమందిని ఒక పూట భోజనానికి పిలవాల్సి వస్తే మనవాళ్ల దగ్గర ఒక సిద్ధౌషధం ఉంది. "వెజ్ పెట్టేద్దాం, అందరికీ సరిపోతుంది." ఆ మాట అన్నాయన మొహం అప్పుడు చూడాలి, సాక్షాత్తూ ధర్మరాజు. ఎవరినీ నొప్పించలేదు, ఎవరి పక్షమూ పట్టలేదు, పైగా ప్లేటు ఖర్చు కూడా కలిసొచ్చింది. ఆ తీర్పు అమల్లోకొచ్చాక దాని పేరు పనీర్ బటర్ మసాలా. పక్కన వెజ్ పులావ్, గోబీ మంచూరియా, రుమాలీ రోటీ, పెరుగు చట్నీ, చివర్లో రెండు గులాబ్ జామున్లు. విజయవాడలో సదస్సు జరిగినా ఇదే, హైదరాబాద్‌లో గృహప్రవేశం జరిగినా ఇదే. ఘాట్ రోడ్డెక్కి, పాడేరు దాటి, జి.మాడుగులలో పట్నం బృందమేదైనా చిరుధాన్యాల మీద అవగాహన కల్పించడానికి దిగిందనుకోండి, అక్కడా ఇదే. చుట్టుపక్కల చేలల్లో రాజ్మా కాసి ఉంటుంది, చోళ్లూ సామలూ ఇళ్లలో ఉంటాయి, వలిసెపూల దగ్గర ఆ బృందమే అరగంట ఫొటోలు దిగి వస్తుంది. ఆ గింజల నూనె మాత్రం ఒక్క చుక్కయినా విస్తట్లోకి రాదు. రాజ్మా లారీ ఎక్కి కిందికి దిగుతుంటే పనీరు ఐసుపెట్టెలో కూర్చుని పైకెక్కుతూ ఉంటుంది.

సరే, అందరికీ అన్నారు కాబట్టి ఆ అందర్నీ ఒకసారి వరస కట్టి చూద్దాం. జైనుడొచ్చాడు: కూరలో ఉల్లి ఉంది, వెల్లుల్లి ఉంది, పులావ్‌లో బంగాళాదుంప ఉంది. వీగన్ అమ్మాయి వచ్చింది: పనీరు పాలది, దాని మీద వెన్న, చట్నీలో పెరుగు, జామున్లో కోవా. గోధుమ పడని మనిషికి రోటీ లేదు, మంచూరియా మీద మైదా తొడుగు ఉంది కాబట్టి అదీ లేదు. పెద్దయ్యాక పాలు అరగనివాళ్లు దక్షిణాదిలో తక్కువేం కాదు, వాళ్లకి పనీరు తిన్న సాయంత్రం ఎలా గడుస్తుందో వాళ్లే చెప్పాలి. షుగరున్న పెద్దాయన పులావ్ చూసి ఒక నిట్టూర్పు, జామున్ చూసి ఇంకో నిట్టూర్పు విడుస్తాడు. అందరికీ నిక్షేపంగా సరిపోయింది చివరికి ఏమిటయ్యా అంటే కోసిన కీరాముక్కలు, నిమ్మచెక్క, మంచినీళ్ల సీసా. అంటే మాంసం తినేవాళ్ల నోరు కట్టేసి శాకాహారుల కడుపు నింపారని కూడా అనడానికి లేదు, ఆ పుణ్యమూ దక్కలేదు. ఇక మన తెలుగు భోక్తల తీరు వేరే. శనివారం తినరు, గురువారం బాబా, కార్తీకం నెలంతా బందు, మాల వేసుకుంటే మండలం. గుడ్డు తిని కోడి తినని వాళ్లున్నారు, కోడి తిని మేక వాసనకి ముక్కు మూసుకునేవాళ్లున్నారు, ముక్కలు పక్కకి తోసి పులుసు మాత్రం పోసుకుని "నేను పెద్దగా నాన్‌వెజ్ కాదండీ" అనేవాళ్లు వేలు. మన దగ్గర శాకాహారం చాలామటుకు మనిషిని బట్టి ఉండదు, వారాన్ని బట్టి ఉంటుంది. రిజిస్ట్రార్ జనరల్ వాళ్లు 2014లో చేసిన సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో మాంసాహారులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 98 మందికి పైనే తేలారు. ఆ మిగిలిన ఒకరిద్దరినీ గౌరవించాలి, ఎవరూ కాదనరు. 98 మందికి 'సరిపోయే' భోజనాన్ని ఆ ఒకరిద్దరి పేరు చెప్పి వండి, అది వాళ్లకీ సరిగా పెట్టకపోవడమే విడ్డూరం.

అసలు ఈ వెజ్ అనే గీత ఎక్కడ గీశారో చూడండి. పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. గుడ్డు త్రికోణంలోకి పోయింది, పాలు ఆకుపచ్చ చుక్కలోకి వచ్చాయి. రెండూ జంతువు ఒంట్లోంచి వచ్చేవే, కానీ ఒకదానికి పంక్తిలో చోటుంది, ఇంకోదానికి లేదు. ఈ చుక్క చాలడం లేదని ప్రభుత్వానికే తెలిసి 2022లో వీగన్ తిండికి వేరే గుర్తు పెట్టింది. ఇప్పుడు ఈ గీతని జి.మాడుగుల కొండమీద పరిచి చూస్తే సంగతి మరీ తమాషాగా ఉంటుంది. తూర్పు కనుమల గిరిజన తెగల్లో చాలామంది సంప్రదాయంగా ఆవుని పితకరు. ఆవు దున్నే ఎద్దుకి తల్లి, పాలు దూడవి, వాటిని మనం లాక్కోవడమేమిటన్నది పెద్దల మాట. ఈ రోజుల్లో టీ కొట్లొచ్చాయి, పాల ప్యాకెట్లు ఎక్కాయి, పట్టింపు సడలింది, అది వేరే సంగతి. బెంగళూరులో వీగన్ సంఘాలు కరపత్రాలు పంచి చెబుతున్న మాటని కోళ్లు కోసుకు తినే కోందులాంటివాళ్లు తరాలుగా ఆచరిస్తూ వచ్చారు. కింద నుంచి వెళ్లిన ధర్మరాజు మాత్రం వాళ్లని నాన్‌వెజ్ ఖాతాలో రాసి, 'ఎవరికీ ఇబ్బంది లేని' తిండి అని పనీరు వడ్డిస్తాడు. ఆ పంక్తిలో దూడ నోటి దగ్గరి పాలు తింటున్నది ఎవరో లెక్క తేలిస్తే చుక్కల రంగులు మార్చుకోవలసి వస్తుంది.

కొండమీద పట్టింపులు లేవని కాదు. కింద కంటే ఎక్కువే ఉన్నాయి, కాకపోతే అవి రెండు గదుల్లో ఇమిడేవి కావు. పాడేరు దగ్గర మత్స్యగుండంలో చేపల్ని దేవుడిగా కొలుస్తారు, మరమరాలో కొబ్బరిముక్కలో వేస్తారు తప్ప పట్టరు. అదే మనుషులు సంతలో ఎండుచేపలు కొనుక్కుంటారు. ఆ చేప వేరు, ఈ చేప వేరు. కొర్రలు పండినా, చిక్కుళ్లు కాసినా, మామిడి పక్వానికొచ్చినా కొత్తల పండగ చేసి దేవతలకీ పెద్దలకీ పెట్టేదాకా ఆ కొత్త పంట నోట పెట్టరు. ఏప్రిల్లో చెట్టు నిండా ఉన్న మామిడికాయ ఆ ఇంట్లో ఫలానా రోజుదాకా నిషిద్ధం, మర్నాటి నుంచి ప్రసాదం. దానికి ఏ రంగు చుక్క పెడతారు? కొన్ని వంశాలకి కులచిహ్నమైన జంతువు జోలికి వెళ్లకూడదన్న నియమం ఉంది. ఇంత చిక్కు లెక్క ఉన్నచోట ఊరంతా కలిసి తినే పండగలు జరగడం ఆగిపోలేదు. కారణం చాలా మామూలుది. అందరికీ పొత్తుగా ఉండేది అంబలీ అన్నమూ. మిగతాది ఎవరి కుండ వాళ్లది. చోడిపిండి కాచి, నూక కలిపి, రాత్రంతా ఉంచిన అంబలి ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్తే అందులో పాలు లేవు, గోధుమ లేదు, ఉల్లి లేదు, జంతువు లేదు. పనీరు ఎవరెవరిని పంక్తిలోంచి లేపేసిందో ఆ జాబితాలో చాలామందిని ఒక్క బుర్ర కూర్చోబెడుతుంది. దాన్ని వాళ్లెప్పుడూ వెజ్ అనలేదు, అందుకే కాబోలు మెనూలోకి ఎక్కలేదు.

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక గట్టి అభ్యంతరం లేవదీస్తాడు. మాంసం తినేవాడు ఒక పూట కూరగాయలు తినగలడు, శాకాహారి మాంసం తినలేడు, కాబట్టి సర్దుకోగలిగినవాడే సర్దుకోవాలి కదా అని. మాట నిజమే. కానీ దాంట్లోంచి వచ్చే తీర్పు "శాకాహారికి విడిగా, శుభ్రంగా, వేరే గరిటెతో వండండి" అని, "మిగతావాళ్లకి వండకండి" అని కాదు. షుగరున్నాయన జామున్ తినలేడు, లేనివాడు జామున్ లేకుండా బతకగలడు, అయినా ఇంతవరకూ ఏ పెళ్లిలోనూ షుగరువాళ్ల గౌరవార్థం స్వీట్లు రద్దు చేసిన దాఖలా లేదు. వాళ్లకి రెండు పుల్కాలు తెప్పించి ఊరుకుంటాం. సర్దుబాటు ధర్మం ఒక్క మాంసం దగ్గరే ఎందుకు గుర్తొస్తుందో కాస్త ఆలోచిస్తే అది సౌకర్యం గురించిన మాట కాదనీ, పంక్తి గురించిన మాటనీ తెలుస్తుంది. వందేళ్ల కిందట సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెడితే అప్పటి పెద్దలు ఎవరి పక్కన కూర్చోవాలని గొడవపడ్డారు. ఇప్పుడు పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నారు, అవతలివాడి విస్తరి ముందు మార్చాలంటున్నారు. మార్చలేనప్పుడు బల్లే వేరు చేస్తారు. 2023లో బొంబాయి ఐఐటీ హాస్టల్లో శాకాహారులకే అని కేటాయించిన బల్ల దగ్గర మాంసం తిన్నందుకు ఒక విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా పడింది. 2024 మార్చిలో జొమాటో వాళ్లు శుద్ధ శాకాహారం మోయడానికి ఆకుపచ్చ చొక్కాల కుర్రాళ్లని వేరుగా పెడతామని ప్రకటించి, ఎర్రచొక్కా కుర్రాళ్లని అపార్ట్‌మెంట్లలోకి రానివ్వరేమోనని గోల లేచాక, మర్నాడే ఆ చొక్కాలు విప్పించేశారు.

రెండో అభ్యంతరం ఖర్చు. మాంసం పిరమే, కాదనను. డబ్బుల్లేక వెజ్ పెడుతున్నామంటే అది నిజాయితీ, దానికెవరూ పేరు పెట్టరు. దాన్ని సమానత్వమని పిలిస్తేనే పేచీ. మూడోది వాతావరణం. శాకాహారం భూమికి మేలు అని చదువుకున్నవాళ్లు చెబుతారు, మొత్తం మీద ఆ మాట సబబే. కానీ 2018లో 'సైన్స్' పత్రికలో పూర్, నెమెసెక్ అనే పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం అంతే ప్రొటీన్‌కి చీజ్ వల్ల వెలువడే కర్బన వాయువులు కోడిమాంసం వల్ల వచ్చేవాటికంటే ఎక్కువ. పాలు విరగ్గొట్టి గడ్డకట్టించిన పనీరు చీజ్‌కి దగ్గరి చుట్టమే. భూమి మీద ప్రేమ ఉంటే పక్క చేలో రాజ్మా పెట్టాలి. నాలుగోది, కొండమీద ఫ్రిజ్‌లుండవు, మాంసం పాడైపోతుందని. పనీరేమన్నా చిరంజీవా? కోడి నయం, వండేదాకా దాని కాపలా అదే కాసుకుంటుంది.

ఇంకొకరు ఢిల్లీ విందు చూపిస్తారు. 2023 సెప్టెంబరు 9న జీ20 దేశాధినేతలకి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఇచ్చిన విందు పూర్తిగా శాకాహారం, ప్రపంచమంతా తినలేదా అని. తిన్నారు. ఏం తిన్నారో కూడా చూడాలి. అసలు వంటకం పేరు 'వనవర్ణం': పనసకాయ, అడవి పుట్టగొడుగులు, సామలతో చేసిన కరకరలాడే బిళ్ల, కరివేపాకు వేసిన కేరళ ఎర్రబియ్యం. మొదట వచ్చిన 'పత్రం'లో కొర్రలు, ఆఖరి తీపిలో ఊదలు. సంస్కృతం పేరు తీసేస్తే అందులో సగానికి సగం జి.మాడుగుల పెరట్లోదీ, ఆ వెనక అడవిలోదీ. కొండ తిండి ఢిల్లీ వెళ్తే దేశాధినేతల పళ్లెంలోకి ఎక్కింది. అదే కొండకి అధికారులొస్తే మాత్రం ఢిల్లీ ధాబా తిండి పైకెక్కుతుంది. ఇదేం రాకపోకలో.

గిరిజనుల్ని మరీ మునీశ్వరుల్ని చేస్తున్నావంటారా? చేయడం లేదు. తెగకీ తెగకీ మధ్య ఎవరింట్లో ఎవరు తింటారన్న పట్టింపులు అక్కడా ఉండేవి, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. మనం అరువు తెచ్చుకోవాల్సింది వాళ్ల సుగుణాలు కాదు, వంట పద్ధతి. టూరిస్టులు ఎగబడే బొంగులో చికెన్‌నే తీసుకోండి. పచ్చి వెదురు బొంగు కణుపు దగ్గర అడుగు మూసి ఉండేలా కోస్తారు, కారం పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. ఏ బొంగుకా బొంగు విడి గిన్నె. ఒకదాంట్లో కోడి, పక్కదాంట్లో గుడ్లు, మూడోదాంట్లో కూరగాయలు పెడితే ఒకదాని రసం ఇంకోదానికి అంటదు, కాల్చాక గిన్నె కడిగే పని కూడా లేదు. ఒకే నిప్పు మీద కాలడం కూడా మైలే అనేవాళ్లకి ఇంకో మూడు రాళ్లు దూరంగా పేర్చి వేరే పొయ్యి వెలిగించడానికి కొండమీద చోటు కరువు లేదు. విస్తళ్లు అడ్డాకులవి, చీపురుపుల్లతో కుట్టినవి, ఎంగిలి గొడవే లేదు. ఇక తీపికి మాడుగుల హల్వా అని కొందరు హుషారుపడతారు. అది కిందనున్న మాడుగులది, ఇది గంగరాజు మాడుగుల. పైగా అందులో గోధుమపాలున్నాయి, నెయ్యి ఉంది, కాబట్టి ముందు చెప్పిన జాబితా మళ్లీ లేస్తుంది. సీతాఫలాల కాలమైతే అవి, పనస కాలమైతే తొనలు చాలు.

కాబట్టి ఏ బృందమైనా అటు వెళ్లి భోజనాలు పెట్టదలుచుకుంటే, వెజ్ ఎన్ని, నాన్‌వెజ్ ఎన్ని అని ప్లేట్లు లెక్కపెట్టడం మానేసి, ఎవరికి ఏది పడదో ఫోన్లో ముందే అడిగి రాసుకోవాలి. దేంట్లో ఏం వేశారో గిన్నె పక్కన తెలుగులో రాసిపెట్టాలి. అక్కడివాళ్లలో ఇద్దరు వంటవాళ్లకి డబ్బు ముందే ఇచ్చి, ముందు రోజు రాత్రి రాజ్మా నానబెట్టమనాలి, అంబలి కాచి ఉంచమనాలి, సామలు దంపించమనాలి. గుమ్మడికాయ, చిక్కుడుకాయ ఎలాగూ ఊళ్లోనే దొరుకుతాయి. కోళ్లు ఎన్ని, గుడ్లు ఎన్ని అన్నది మర్నాడు పొద్దున్న వచ్చినవాళ్లని చూసుకుని, అది ఏ వారమో కూడా చూసుకుని తేల్చుకోవచ్చు. పనీరే కావాలంటే మాత్రం కిందినుంచి తెప్పించుకోవాలి, బండి కిరాయి రానూ పోనూ.