గోడమీది తోట

1885లో గోడకాగితాలు తయారుచేసి అమ్మే విలియం మోరిస్ తన మిత్రుడు థామస్ వార్డిల్‌కి ఒక ఉత్తరం రాశాడు. బట్టల అద్దకంలో మెళకువలన్నీ నేర్పిన మిత్రుడాయన. అప్పటికి ఇంగ్లండులో ఇళ్ల గోడలకు పువ్వుల కాగితాలు అంటించడం పెద్ద మోజు. ఆ కాగితాల ఆకుపచ్చలో ఆర్సెనిక్ ఉందనీ, ఆ గదుల్లో పడుకున్నవాళ్లు జబ్బు పడుతున్నారనీ డాక్టర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ ఉత్తరంలో మోరిస్ వాళ్ల హెచ్చరికను ఒక్కమాటతో తీసిపారేశాడు. ఒకప్పుడు జనానికి చేతబడి భయం పట్టినట్టే ఇప్పుడు డాక్టర్లకు ఈ పిచ్చి పట్టిందన్నాడు.

ఇంకో వర్తకుడు అనుంటే ఇంత బాధ కలగదు. యంత్రాలు చేతిపనిని మింగేస్తున్నాయని జీవితమంతా పోరాడిన మనిషి మోరిస్. కొత్తగా వచ్చిన రసాయనపు రంగులు గిట్టక, పాత పద్ధతులు వెతికి, మంజిష్ఠతో ఎరుపూ నీలిమందుతో నీలమూ తీసినవాడు. రంగు తొట్టెల్లో తానే చెయ్యి పెట్టి పనిచేస్తే చేతులు నీలంగా మారిపోయేవి. చేతిపనిని ప్రేమించే వాళ్లం ఇవాళ్టికీ ఆయన్ని తలుచుకుంటాం.

కానీ ఆ కాగితాల మీది ఆకుల సంగతి వేరు. 1860లలో వచ్చిన ఆయన 'ట్రెల్లిస్' కాగితాన్ని 2003లో పరీక్షిస్తే, గులాబీ తీగల పచ్చదనంలో రాగితో కలిసిన ఆర్సెనిక్ బయటపడింది. గోడ చెమ్మగిల్లితే మరీ ప్రమాదం. కాగితం మీద పట్టిన బూజు ఆ రంగులోని ఆర్సెనిక్‌ని వెల్లుల్లి వాసన వేసే వాయువుగా మార్చి గదిలోకి వదులుతుందని 1890లలో ఇటలీ శాస్త్రవేత్త గోసియో చూపించాడు.

పాపం, తెలియక అన్నాడేమో అనుకుందామా?

మోరిస్ తండ్రి 1844లో డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే రాగి గనిలో 272 వాటాలు కొన్నాడు. కొడుకు యవ్వనమంతా ఆ డబ్బుమీదే హాయిగా గడిచింది. రాగి తగ్గిపోయాక ఆ గని శంఖపాషాణం అమ్మి నిలదొక్కుకుంది. శంఖపాషాణమంటే ఆర్సెనిక్కే. 1871 నుంచి 1875 దాకా ఆ గని డైరెక్టర్లలో విలియం మోరిస్ ఒకడు.

అక్కడ పొగగూళ్లలో పేరుకున్న ఆర్సెనిక్ తెల్లపొడిని గీకి తీసే కూలీలు ముక్కుల్లో దూది కుక్కుకుని, మూతికి గుడ్డ బిగించుకుని లోపలికి వెళ్లేవారు. వాళ్లకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేకపోయింది.