ఈందు చెట్టు: చాకిరీ లేని పెంపకానికి ఆరు చిట్కాలు

పశ్చిమ కనుమల ఈందు చెట్టు పెరట్లో ఉంటే ఇంటికే అందం. శాస్త్రం దాన్ని సైకస్ సర్సినాలిస్ అంటుంది. చాకిరీ మాత్రం మనకొద్దు. ఈ చిట్కాలు వరుసగా పాటించండి, నిశ్చింతగా ఉండండి.

1. విత్తనం నాటకండి. మొలకకే నెలలు, మానుకు ఏళ్లూ పూళ్లూ. అడవి పెంచిన చెట్టు ఉండగా మీకెందుకు శ్రమ? తవ్వి తెచ్చుకోండి. గార్డు ఆపితే "ఈందప్పన సార్" అనండి. మలయాళంలో అది ఖర్జూరం. చివర 'పన' చేరిస్తే చాలు, కేసు తప్పుతుంది.

2. చెట్టు మొదట్లో పగడాల గుత్తుల్లాంటి పొట్టి వేళ్లుంటాయి. కోస్తే లోపల నీలాకుపచ్చ చార కనిపిస్తుంది. ఆ చారలోని నీలాకుపచ్చ నాచే గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు పెడుతుంది. అయినా సరే, కొడవలితో చెక్కేయండి. ఆటోలో సులువుగా పడుతుంది. అడిగినవాళ్లకు వేరుకుళ్లు అని చెప్పండి.

3. ఒక్కటే తెచ్చుకోండి. ఇందులో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. జోడు లేకపోతే మొలిచే విత్తనం ఉండదు, నారు పోసే పనీ ఉండదు.

4. పెళ్లిళ్ల సీజనులో ఆకులన్నీ కోసి పందిళ్లకు అమ్మండి. చుట్టచుట్టుకున్న లేత ఈనెలనూ వదలొద్దు. మోడు చూసి ఎవరైనా నిలదీస్తే చిన్న నీలి సీతాకోకచిలుక మీదికి నెట్టేయండి. దాని గొంగళిపురుగులు లేతాకు తినే మాట నిజమే కదా!

5. మలబారువాళ్లు ఈ గింజల్ని ముక్కలు కోసి, ఎండబెట్టి, నీళ్లు మార్చి మార్చి రోజుల తరబడి నానబెట్టి, విషం పోయాకే పిండి కొడతారు. మీరు ఒక్క కడుగు కడిగి మిక్సీలో వేయండి. వాంతులు పట్టుకుంటాయి, కాలేయం దెబ్బతింటుంది. ఆ తర్వాత మిమ్మల్ని జన్మలో వంట చేయమనరు.

6. చెట్టు ఎండిపోతే "డైనోసార్ల కన్నా పాత వంశం, వయసైపోయింది" అనండి. పొయ్యిలో పెట్టి మళ్లీ ఒకటో చిట్కాకు రండి.

దీని చుట్టమైన తిరుమల కొండల పేరిత చెట్టుకూ ఇవే చిట్కాలు. ఈందు ఇప్పటికే ఐయూసీఎన్ అంతరించే ముప్పు జాబితాలో ఉంది. త్వరపడండి. అడవిలో చివరిది కూడా తెచ్చేసుకుంటే ఇక ఎవరికీ ఏ చాకిరీ ఉండదు.