బేరింగు అప్‌డేట్లు

తపాలా బిళ్ళ అంటించకుండా ఉత్తరం డబ్బాలో పడేసినా అది చేరాల్సిన చోటికి చేరుతుంది. కాకపోతే పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి, అంటించని బిళ్ళ విలువకు రెట్టింపు వసూలు చేసుకుని మరీ చేతిలో పెడతాడు. బేరింగు ఉత్తరమంటే అదే. అప్పు అడిగే దూరపు చుట్టాలకు ఈ సౌకర్యం మహా ఇష్టంగా ఉండేది. అయితే తపాలా శాఖ మనమీద ఒక్క దయ చూపింది. అక్కర్లేదనుకుంటే పుచ్చుకోనక్కర్లేదు. "మాకొద్దు నాయనా" అంటే పోస్ట్‌మ్యాన్ మారుమాట్లాడకుండా వెనక్కి పట్టుకుపోయేవాడు.

ఈ పద్ధతిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్ధరించాయి, ఆ ఒక్క దయనూ తీసేసి.

అప్‌డేట్ పంపేది వాళ్ళు, చార్జీ కట్టేది మనం. అంత ఖర్చుపెట్టి పుచ్చుకున్నదాంట్లో ఏముందో చూద్దామని నొక్కితే రెండే రెండు వాక్యాలు కనిపిస్తాయి: "బగ్‌లు సరిచేశాం. పనితీరు మెరుగుపరిచాం." పోయిన నెలా ఇవే, అంతకుముందు నెలా ఇవే. ఇన్నేళ్ళుగా నెలనెలా మెరుగవుతూ వస్తున్న ఫోను ఈపాటికి రెక్కలొచ్చి ఎగరాలి. అదేం పాపమో, వాట్సాప్ తెరవడానికే ఆయాసపడుతోంది.

లెక్క చూద్దాం. మనవాళ్ళలో చాలామందికి నెట్ అంటే ఫోన్లో ఉన్న నెట్టే. ఇంట్లో పిల్లల చదువుకని ల్యాప్‌టాప్ కొన్నా, దానికి దిక్కు నాన్నగారి ఫోన్ హాట్‌స్పాటే. ప్యాకు రోజుకు ఒకటిన్నర జీబీ. అది కాస్తా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు దిగుతుంది, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని ప్రభుత్వం 2023లో తేల్చింది. ఇది అందులో ముప్పయ్యో వంతు. ఈ వేగం మీద 5 జీబీ అప్‌డేట్ దిగాలంటే రాత్రింబవళ్ళు కలిపి వారం దాటుతుంది. ఆ వారమంతా కరెంటు పోకూడదు, సిగ్నల్ జారకూడదు, నాన్నగారు ఫోన్ జేబులో వేసుకుని పొలానికి వెళ్ళకూడదు. రోజూ అర్ధరాత్రి కోటా మళ్ళీ నిండుతుంది కదా అంటారా? నిండుతుంది. అలాంటప్పుడు ఇంటిల్లిపాదీ మూడు రోజులకు పైగా నెట్ ముట్టకుండా ఉపవాసం ఉంటే సరి.

ముహూర్తం కూడా ఘనమైనదే. మైక్రోసాఫ్ట్ 2003 నుంచీ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తోంది. అమెరికా పడమటి తీరంలో పొద్దున పదింటికి బయల్దేరతాయి, మనకది మంగళవారం రాత్రి. మంగళవారం క్షవరం పనికిరాదని మన పెద్దలు చెప్పారు. సరిగ్గా ఆ రాత్రే మన డేటాకు క్షవరం మొదలు. బుధవారం తెల్లారేసరికి ఊళ్ళో మీసేవ కేంద్రం ముందు ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉంటారు. లోపల నీలం తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి. "కొంచెం ఆగు బాబాయ్, అప్‌డేట్ అవుతోంది" అంటాడు కుర్రాడు. "ఏది, నా పింఛనా?" అంటాడు బాబాయ్ ఆశగా.

ఇక వద్దనే హక్కు సంగతి. 2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8 వాడుతున్నవాళ్ళకు ఉచితం అన్నారు. ఉచితమన్న మాట వినపడగానే జేబు తడుముకోవాలని మనకు తెలుసు గానీ, కంప్యూటర్ విషయంలో మరిచిపోయాం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా 6 జీబీ దాకా ఫైళ్ళు చడీచప్పుడూ లేకుండా దిగిపోయాయి. ఇదేమిటని నిలదీస్తే సెప్టెంబరులో కంపెనీ ఒప్పుకుంది: రేపు మీరు కావాలంటే ఆలస్యం కాకూడదని ముందే దించిపెట్టాం! ఎంత ముందుచూపు! బిల్లు కట్టేవాడి వైపు కూడా ఒకసారి చూసి ఉంటే ఇంకా బాగుండేది.

2016 మే నాటికి ఇంకో మెట్టెక్కారు. అప్‌గ్రేడ్ చేసుకోమని తెర మీదికి వచ్చే పెట్టెకు మూల ఎర్ర ఇంటూ గుర్తు ఉంటుంది. కంప్యూటర్ పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని నొక్కితే "ఇక చాలు, పో" అనే లెక్క. ఈసారి మాత్రం అది నొక్కినా, ముందే పెట్టిన టైముకు అప్‌గ్రేడ్ కానివ్వమని మనం ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నారు. ఊరుకుంటే సరే, కాదన్నా సరే. ఆ ఏడాది చివర్లో కంపెనీ మార్కెటింగ్ పెద్దే, కాస్త హద్దు మీరాం అని ఒప్పుకున్నాడు. అప్పటికి మీరాల్సిన హద్దులన్నీ మీరడం అయిపోయింది, దిగాల్సిన జీబీలన్నీ దిగిపోయాయి.

అంతటితో ఆగినా గొడవ లేదు. విండోస్ 10లో మరో వింత ఏర్పాటు ఉంది. మీ నెట్ మీద దించుకున్న అప్‌డేట్ ముక్కల్ని మళ్ళీ మీ నెట్ మీదుగానే ఊరూ పేరూ తెలియని ఎవరి కంప్యూటర్లకో చేరవేస్తుంది. ఇళ్ళలో వాడే విండోస్‌లో దీన్ని అడగకుండానే ఆన్ చేసి ఇచ్చారు. బేరింగు ఉత్తరానికి డబ్బు కట్టించుకున్న పోస్ట్‌మ్యాన్ సంచీ కూడా మన భుజానికే తగిలించి, "వీధిలో మిగతా ఇళ్ళకు మీరే పంచి రండి" అన్నట్టు. ఇష్టం లేకపోతే ఆపుకోవచ్చు, నిజమే. సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపలి గదిలో ఉంటుంది స్విచ్చి. ఉందని తెలిస్తే కదా వెతకడానికి.

మీ నెట్‌ను మీటర్డ్ కనెక్షన్, అంటే కొలిచి వాడే నెట్, అని పెట్టుకోండి, పెద్ద ఫైళ్ళు దిగవు అని జ్ఞానులు సలహా ఇస్తారు. మంచి సలహానే. తీగ ద్వారా వచ్చే నెట్‌కు మామూలు సెట్టింగ్స్‌లో ఆ వెసులుబాటు 2017లో గానీ రాలేదు. ఆ 2017 అప్‌డేట్‌తోనే ఇంకో షరతు కూడా వచ్చింది. మీటర్డ్ అయినా సరే, విండోస్ సాఫీగా నడవడానికి అవసరమైనవి మాత్రం దించుతామని. ఏది అవసరమో తేల్చేదెవరు? పంపేవాళ్ళే. హోం ఎడిషన్ కొన్న సామాన్యుడికి అప్‌డేట్ ఆపి ఉంచే బొత్తాం దక్కింది 2019 మేలో. అదైనా 35 రోజులే. ఈ పదేళ్ళూ ఆ కంపెనీ పీఠం మీద ఉన్నది మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ళ గారే. 2014లో ఆయన సీఈఓ అయినప్పుడు మనవాడని మురిసిపోయాం. ఆ మొహమాటానికైనా అప్‌డేట్లు కాస్త చిన్నవి పంపుతారని ఆశపడ్డవాళ్ళకు తగిన శాస్తి జరిగింది.

ఇక్కడ ఒక పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుంటాడు. "అప్‌డేట్లు వద్దంటారా? భద్రత ఏం కావాలి?" వద్దనడం లేదండీ. 2017 మేలో వనక్రై అనే మాయదారి సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళాలేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. అందుకే నా కడుపుమంట. ప్రాణావసరమైన ఆ కాస్త మరమ్మతునూ, కొత్త రంగుల గుర్తులనూ, ఎవరూ అడగని వార్తల పట్టీనీ ఒకే మూటలో కట్టి మూడు రోజుల కోటా అంత చేసి పంపితే, జనం ఏం చేస్తారు? బజారులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి పోతారు. అతను రెండు నిమిషాల్లో అప్‌డేట్ సర్వీసునే డిజేబుల్ చేసి, "ఇంక మీ జోలికి రాదు సార్" అని వంద రూపాయలు తీసుకుంటాడు. నిజంగానే రాదు. తర్వాత వచ్చేది వనక్రై తమ్ముడే. తప్పు ఆ కుర్రాడిదని కంపెనీ వాళ్ళు భద్రత మీద సదస్సులు పెడతారు.

చిన్నవి చేయడం చేతకాక కాదు. గూగుల్ వాళ్ళు క్రోమ్ బ్రౌజర్ కోసం 2009లో కూర్జెట్ అనే పద్ధతి తెచ్చారు. ఆ రోజు వాళ్ళు చూపించిన ఉదాహరణలో అప్‌డేట్ మొత్తంగా పంపితే 10 ఎంబీ. మారిన బైట్లను మాత్రమే ఏరే పాత పద్ధతిలో 700 కేబీ. కూర్జెట్‌తో 78 కేబీ! 64 కేబీపీఎస్ మీద కూడా పది సెకన్ల పని. 2016లో ప్లే స్టోర్ యాప్‌లకు ఇలాంటిదే ఇంకో పద్ధతి పెట్టి, అప్‌డేట్లు సగటున మొత్తం యాప్‌లో మూడో వంతుకు తగ్గాయని, రోజుకు 6 పెటాబైట్ల డేటా మిగులుతోందని చెప్పారు. ఒక పెటాబైటు అంటే పది లక్షల జీబీలు. అంటే అంతకుముందు దాకా రోజూ అరవై లక్షల జీబీలు జనం ఊరికే మోశారన్నమాట. ఇంత తెలివి పదిహేనేళ్ళుగా అందుబాటులో ఉండగా, ఇంకా యాప్‌కు యాపే మళ్ళీ పంపేవాళ్ళను ఏమనాలి? మోసేది తమ భుజం కాదు కనక మూట విప్పే ఓపిక లేదనాలి.

మోత కూలీ తామే పెట్టుకున్న మహానుభావులు కూడా లేకపోలేదు. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీలు ప్రపంచమంతటా పోస్టులో ఉచితంగా పంపారు, తపాలా ఖర్చులతో సహా. అంతెందుకు, 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చినప్పుడు మైక్రోసాఫ్టే నెట్ సరిగా లేనివాళ్ళు సీడీ తెప్పించుకోవచ్చంది. అప్పుడు దాని సైజు 300 ఎంబీ కూడా లేదు. అది బరువని వాళ్ళకే అనిపించిన రోజులవి.

ఇప్పుడు సీడీలకు బదులు చిట్కాలు పంచుతున్నారు. రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి. వైఫై ఉన్న చోటికి వెళ్ళండి. వెళదాం. రైల్వే స్టేషన్లో రెయిల్‌టెల్ వైఫై రోజుకు అరగంట ఉచితం, 1 ఎంబీపీఎస్ వేగంతో. ఒక్క క్షణం కూడా తగ్గకుండా ఆ వేగం వచ్చిందే అనుకుందాం. అరగంటకు 225 ఎంబీ. ఆ 5 జీబీ అప్‌డేట్ దిగడానికి 23 రోజులు, 23 ప్లాట్‌ఫారం టికెట్లు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రోజూ అదే బెంచీ మీద కూర్చుంటే, మూడో వారానికి టీటీఈ గారు కూడా కుశలం అడుగుతారు. పని పూర్తయి ఇంటికి చేరేసరికి రెండో మంగళవారం మళ్ళీ దగ్గరపడుతూ ఉంటుంది.

నెమ్మది నెట్ అంటే ఏమిటో తెలుసుకోవాలని ఫేస్‌బుక్ వాళ్ళకు బుద్ధి పుట్టింది. 2015 అక్టోబరులో 'టూజీ మంగళవారం' అని పెట్టారు. ఆ రోజు పొద్దున తమ ఉద్యోగుల్ని, ఒక గంటసేపు 2జీ వేగంతో మన యాప్ వాడి చూస్తారా అని అడిగేవారు. ఇష్టమైతేనే. గంట కాగానే మామూలు వేగం వచ్చేసేది, కాఫీ చల్లారేలోపే. ఆలోచన మంచిదే. గచ్చిబౌలి నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళ రెడ్‌మండ్ దాకా అన్ని కంపెనీలూ దీన్ని రెండే రెండు చిన్న సవరణలతో పెట్టుకోవచ్చు. గంట అనే నియమం తీసేయండి, ఇష్టమైతేనే అనేది కూడా తీసేయండి. ఆ నెల తాము పంపిన అప్‌డేట్‌ను అప్‌డేట్ విభాగం పెద్దలంతా రోజుకు ఒకటిన్నర జీబీ సిమ్ము మీద, సొంత రీచార్జితో, వాళ్ళ వాళ్ళ ల్యాప్‌టాపుల్లోకి దించుకోవాలి. నూరు శాతం చూపించేదాకా ఎవరినీ ఇంటికి పంపకండి. తొంభై తొమ్మిది దగ్గర సిగ్నల్ పోతే మళ్ళీ మొదటినుంచి.