వదులు సూటు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ ఫ్యాక్టరీలో యుటిలిటీస్ చూసుకోవడం నా ఉద్యోగం. బాయిలరు, ఆవిరి పైపులు, చిల్లరు, చల్లనీళ్ళ లైన్లు. వేడిదాన్ని వేడిగా, చల్లదాన్ని చల్లగా ఉంచినందుకే 26 ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. ఈ మాట ముందే ఎందుకంటే, తర్వాతది విని "పాపం, తెలియక చేశాడులే" అని ఎవరూ జాలిపడకూడదు.

మోకాళ్ళు అరిగాయి, నడక తగ్గించి ఈత మొదలుపెట్టమన్నాడు డాక్టరు. అప్పటిదాకా పొద్దున్నే అమీన్‌పూర్ పెద్ద చెరువు వైపు నడిచేవాణ్ణి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపు తెచ్చుకున్న చెరువు. ఆ నీళ్ళు బాతులవి, నీటికాకులవి. మనం దిగేవి కావు. నేను మా అపార్ట్‌మెంటు కొలనులో దిగాను. నవంబరు దాకా హాయిగానే సాగింది. డిసెంబరు వచ్చింది. చలికాలం పేపర్లలో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టీలో పటాన్‌చెరు పేరు ఊరికే రాదు. పొద్దున ఆరింటికి థర్మామీటరు ముంచి చూస్తే 18 డిగ్రీలు. (కాలు పెట్టి చూసినా తెలిసేది. ఫ్యాక్టరీ బుద్ధి.) 18 డిగ్రీల గాలికి స్వెటరు చాలు. నీళ్ళు అలా కాదు, వేడిని గాలికంటే సుమారు 24 రెట్లు ఎక్కువగా లాగేసుకుంటాయి.

"సంక్రాంతి దాకా ఆపెయ్యండి" అంది మా ఆవిడ.

"గోలి శ్యామల గారు 47 ఏళ్ళ వయసులో పాక్ జలసంధి ఈదేశారు. నేనీ గుంట ఈదలేనా?"

"ఆవిడ ఈత నేర్చుకున్నారు. మీరు షాపింగ్ నేర్చుకుంటున్నారు."

నిజమే, అప్పటికే ఫోనులో వెట్‌సూట్లు, అంటే చన్నీళ్ళలో ఈదేవాళ్ళు వేసుకునే రబ్బరు సూట్లు, చూస్తున్నాను. పేరులోనే తడి ఉన్న బట్టని నీళ్ళు లోపలికి రానివ్వని రెయిన్‌కోటు అనుకోవడం మొదటి తెలివితక్కువతనం. 3 మిల్లీమీటర్లదీ 5 మిల్లీమీటర్లదీ ఒకే ధరకి వస్తుంటే మందంగా ఉన్నదే లాభమని ఎంచడం రెండోది. మూడోది చెప్పడానికి సిగ్గేస్తోంది. నా సైజు ఎల్. లోపల థర్మల్ బనియను వేసుకుందామని ఎక్స్‌ఎక్స్ఎల్ తెప్పించాను. చిన్నప్పుడు బడి చొక్కాలు "ఎదిగే పిల్లాడు, వదులుగా కుట్టు" అని కుట్టించేవారు. యాభై నాలుగేళ్ళొచ్చినా ఆ ఎదుగుదల మీద నాకు ఆశ చావలేదు.

బనియను మీద సూటు తొడిగి, జిప్పు ముందుకు లాక్కుని, దొరబాబులా దిగాను. రెండు బారలు వేశానో లేదో మెడలోంచి చన్నీళ్ళు బిందెతో గుమ్మరించినట్టు నడుము దాకా జారాయి. చెయ్యి ఎత్తినప్పుడల్లా పాత నీళ్ళు పోయి కొత్త నీళ్ళు వస్తున్నాయి. బనియను నానిపోయింది. రబ్బరేమో కాళ్ళని బెండులా పైకి తేల్చి, మొహాన్ని నీళ్ళలోకి నెడుతోంది. గట్టెక్కి, చేతులు చాచి, రెక్కలారబెట్టుకునే నీటికాకిలా నిలబడ్డాను. పక్క బ్లాకులో తొమ్మిదో తరగతి అమ్మాయి, పోటీలకి సాధన చేస్తుంటుంది, మెల్లగా అంది: "అంకుల్, జిప్పు వీపు వైపు రావాలి. రివర్స్‌లో వేసుకున్నారు." మోకాళ్ళకి ఉండాల్సిన మెత్తలు వెనక మడతల్లో ఎందుకున్నాయో అప్పుడర్థమైంది.

అసలు శిక్ష మూడు రోజుల తర్వాత, ప్లాంటులో. చిల్లర్ లైను కింద బొట్టుబొట్టుగా నీళ్ళు. సరైన సైజు అయిపోయిందని ఫిట్టరు పెద్ద సైజు నల్ల రబ్బరు తొడిగాడు. పైపుకీ రబ్బరుకీ మధ్య నా వేలు దూరింది. "లోపల గాలి ఆడితే ఇన్సులేషన్ ఎట్లా పనిచేస్తదయ్యా? ఒంటికి అంటుకుని ఉండాలె! పెద్ద సైజు ఎవరు తొడగమన్నరు..." అని అరుస్తూ మధ్యలో ఆగిపోయాను. ఫిట్టరు నా మొహం చూసి భయపడ్డాడు. "బీపీ గోలీ ఏసుకున్నరా సార్?" అన్నాడు.

ఆ నల్ల రబ్బరూ, నా సూటూ దాయాదులే. రెండింట్లోనూ వేడిని దాటనివ్వనిది రబ్బరు కాదు, దానిలో బందీ అయిన సన్నటి గాలిబుడగలు. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త పట్టుకున్నది ఇదే: ఒళ్ళు తడిసినా ఫర్వాలేదు, రబ్బరులో ఆ బుడగలుండి, లోపల చేరిన పల్చటి నీటిపొర కదలకుండా ఉంటే చాలు, ఒంటి వేడికి అదే వెచ్చబడుతుంది. ఆయన అంతకుముందు అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసినవాడు. నేను బాయిలరు పక్కన కూర్చుని కూడా పట్టుకోలేకపోయాను.

రెండో సూటు మొండెం దగ్గర 3, చేతులకీ కాళ్ళకీ 2 మిల్లీమీటర్లది. మా కొలనుకి అది చాలు. ఈసారి కొలతలు మా ఆవిడ టేపుతో తీసింది, నేను పొట్ట లోపలికి పీలుస్తుంటే వీపు మీద ఒక్కటి చరిచి మరీ. పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగితే గానీ కాలు దూరలేదు. చేతులెత్తి, గొంతుక్కూర్చుని చూశాను. చంకల్లో, నడుము వెనక పల్లంలో గుప్పెడు రబ్బరు చేతికొస్తే అది వాపసు ఇచ్చేయాల్సిందే. నీళ్ళు చెరువు కట్టేది అక్కడే. మెడ దగ్గర బిగువుగా ఉండాలి, ఊపిరి మాత్రం ఆడాలి. కుట్లూ చూడాలి. రబ్బరుని ఈ వైపు నుంచి ఆ వైపుకి పొడిచి కుడితే ప్రతి సూది రంధ్రమూ ఒక కిటికీ. జిగురుతో అతికించి, సగం మందంలోనే సూది ఆపిన కుట్టయితే నీళ్ళు అంత తేలిగ్గా రావు. దిగగానే ఒక్క క్షణం చలి చురుక్కుమంది. తర్వాత ఇరవై నిమిషాలు ఈదాను.

వాపసు గడువు దాటిన ఆ ఎక్స్‌ఎక్స్ఎల్ బాల్కనీలో వేలాడుతుండేది. ఓ రాత్రి మా ఆవిడ దాని కాలు ఒకటి కత్తిరించి, తోడుపెట్టిన పాలగిన్నెకి తొడుగుతోంది. గిన్నెకి అది పట్టడం లేదు, లాగి లాగి ఎక్కిస్తోంది.

"తొడ దగ్గరి ముక్క తీసుకోరాదూ, సులువుగా పడుతుంది" అన్నాను.

నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ లాగడం మొదలుపెట్టింది. జనవరి చలిలో కూడా తెల్లారేసరికి పెరుగు గడ్డలా పేరుకుంది.