సోయాబడీ యవ్వనం

బిలాస్‌పూర్ దగ్గర కోనిలో అడగనివాళ్ళకి కూడా వైద్యం చెప్పే మనిషిని నేనే. మా ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, రతన్‌పూర్ రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నాం. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైలు పనికి వచ్చి బిలాస్‌పూర్‌లోనే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు మా చుట్టూ కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి ఇంచుమించు ఒకే కాలంలో ముట్లుడిగాయి. ఒకరికి ఒంట్లోంచి ఆవిర్లు, ఒకరికి నిద్ర కరువు, ఒకరికి మోకాళ్ళు. నాకేమో చేతిలో సెల్‌ఫోను, వెనకెప్పుడో చదివిన బీఎస్సీ, కావలసినంత తీరిక. డాక్టరు కావడానికి ఇంకేం కావాలి?

మొదట నా కంటపడింది అమెరికా వాళ్ళ పెద్ద పరిశోధన, విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. ముట్లుడిగిన ఆడవాళ్ళని, 50 నుంచి 79 ఏళ్ళ వాళ్ళని, 16,608 మందిని చీటీలేసి రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, రెండో జట్టుకి ఉత్తుత్తి మాత్ర. మేలు కన్నా కీడు ఎక్కువగా ఉందని 2002 జూలైలో మధ్యలోనే ఆపేశారు. మాత్ర జట్టులో రొమ్ము క్యాన్సరు 26 శాతం ఎక్కువ. ఆ అంకె చూడగానే పలాసలో ఉన్న మా తమ్ముడి భార్యకి ఫోను కలిపాను. ఆమెకింకా యాభై నిండలేదు. ఆవిర్లతో రాత్రిళ్ళు లేచి కూర్చుంటోందని అక్కడి డాక్టరమ్మ ఆ కోవ మాత్రలే రాసింది.

“నూటికి ఇరవయ్యారు మందికి క్యాన్సరొస్తుందటే, ఇప్పుడే అవతల పారెయ్,” అన్నాను.

“అలాగే వదినా,” అంది. ఒక ప్రాణం కాపాడానని ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తరవాత తిండి మీద పడ్డాను. కొవ్వు తింటే హార్మోన్లు పెరుగుతాయి, హార్మోన్లు పెరిగితే క్యాన్సరొస్తుంది అని ఎక్కడో చదివి వీధంతా నెయ్యి మాన్పించాను. అదే అమెరికా పరిశోధన బృందం 48,835 మంది ఆడవాళ్ళ మీద ఈ సంగతే ఎనిమిదేళ్ళు పరీక్షించి, కొవ్వు తగ్గించిన వాళ్ళలో రొమ్ము క్యాన్సరు కాస్త తగ్గినట్టున్నా అది కచ్చితమని చెప్పలేమనీ, గుండెజబ్బు అసలు తగ్గలేదనీ 2006లోనే చెప్పింది. ఆ కాగితం పేరు చూసి కూడా నేను తెరవలేదు. అందరి ఇళ్ళలో నేతి గిన్నెలు మూయించాక దాన్ని తెరిచే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా ఇంట్లో గిన్నెలు తోమే బాయికి కూడా చెప్పాను, నూనె తగ్గించమని. పొద్దున్న బాసీ తిని పనికొచ్చే మనిషి. మన చద్దన్నమే అది. “ఉంటే కదా దీదీ తగ్గించడానికి!” అని నవ్వి గిన్నెలు తోముకుంది. నేను కూడా నవ్వేశాను. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న గారి బృందం 2005లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. 30 నుంచి 60 ఏళ్ళ పేద ఆడవాళ్ళు 289 మందిని చూస్తే, వాళ్ళ తిండిలో రోజుకి దొరికే క్యాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. తుంటి దగ్గర తొడ ఎముక మెడలో బోలుతనం నూటికి 29 మందికి. అమెరికా ఆడవాళ్ళు ఎక్కువ తినడం వల్ల వచ్చే జబ్బుల కాగితాలు చదివి, తినక ఎముకలు గుల్లయ్యే మనిషికి పథ్యం చెప్పాను. రాగులో నువ్వులో నాలుగు గుప్పిళ్ళు ఆమె సంచిలో పోస్తే సరిపోయేది. నాకు ఇవ్వడం కన్నా చెప్పడం సుఖంగా ఉండేది.

ఇక నా సొంత వైద్యం. జపాను ఆడవాళ్ళు సోయా తింటారు, వాళ్ళకి ఆవిర్లు తక్కువట. సోయాలో ఐసోఫ్లేవోన్లు, అవిసెగింజల్లో లిగ్నన్లు ఉంటాయి, అవి ఈస్ట్రోజన్ వేషం వేస్తాయట. బుధవారీ బజారులో సోయాబడీ, అవిసెగింజలు చవక. పొద్దున్న సోయాబడీ కూర, రాత్రి సోయాబడీ పులావు, మధ్యలో అవిసెగింజల అలసీ లడ్డూలు. వాటిని బెల్లంతో, నేతితో చేసేదాన్ని. వీధిలో నిషేధించిన నెయ్యి నా లడ్డూలో మందు అయింది.

అలా కొన్నాళ్ళు సాగాక నెలసరి తిరిగొచ్చింది. ముట్లుడిగి ఏళ్ళు గడిచిన మనిషికి రక్తపు మరక కనిపిస్తే గుండె జారాలి. నేను మురిసిపోయాను. యవ్వనం సోయాబడీ దారిన వెనక్కొచ్చిందనుకున్నాను. క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టాను. రెండోసారి కనిపిస్తే, చూశావా, లెక్క తప్పకుండా వస్తోంది అని పక్కింటి పిన్నికి చెప్పాను. “పోయింది మళ్ళీ రావడం మంచిదేనంటావా అమ్మా?” అని అడిగిందావిడ. పరిశోధనలు తెలియని మనిషి కదా అని జాలిపడ్డాను.

గొప్ప చెప్పుకోవడానికే మరదలికి ఫోను చేశాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. “వదినా, ఆగిపోయి ఏడాది దాటాక చుక్క కనిపించినా పరిగెత్తుకు రమ్మని మా డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. నువ్వు రేపే వెళ్ళు,” అంది. ఆ గొంతులో వణుకు విన్నాకే నాకు చెమటలు పట్టాయి.

స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఇక్కడి డాక్టరమ్మ చెప్పిన లెక్కే నెమరేసుకున్నాను. 2018లో 129 పరిశోధనలు కలిపి చూశారట. గర్భసంచి లోపొర క్యాన్సరు వచ్చిన ముట్లుడిగిన ఆడవాళ్ళలో నూటికి 91 మందికి రక్తం కనిపించింది. కానీ రక్తం కనిపించి వచ్చినవాళ్ళలో క్యాన్సరు తేలింది నూటికి 9 మందికే. మొదటి అంకె వల్ల పరీక్ష మానకూడదు, రెండో అంకె వల్ల ముందే ఏడవకూడదు. రెండింటినీ తిరగేసి చదివే తెలివి నాకుంది గనక రెండు రాత్రులూ ఏడ్చాను.

నాది క్యాన్సరు కాదు, పాలిప్ అనే కండ. విజయనగరం నుంచి మా అక్క, “సంచి మొత్తం తీయించేసుకో, పీడా పోతుంది,” అంది. మనవైపు ఇది మామూలు మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి 3.2 అయితే, ఆంధ్రలో 8.9. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, పాలిప్ ఒక్కటే తీసింది. సోయా ఎక్కువైందా అని అడిగాను.

“తిండిలో సోయా పోయిన నెలసరిని తేదు. అండాశయాలు పని మానేశాక ఈస్ట్రోజన్ తయారయ్యేది కొవ్వులో. అక్కడ అరోమటేజ్ అనే ఎంజైమ్ ఆ పని చేస్తుంది. ఇదొక్కటే కారణమని చెప్పను గానీ, ముందు నడుము తగ్గించండి.”

నా నడుము నా అలసీ లడ్డూల చలవే.

నన్ను చూసుకోవడానికి మరదలు కోర్బా రైలెక్కి వచ్చింది. రాత్రి భోజనమయ్యాక సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. గుర్తుపట్టాను.

“పారేశానన్నావు?”

“అలాగే అన్నాను. పారేశాననలేదు. మా డాక్టరమ్మనడిగితే లెక్క చెప్పింది. ఆ అమెరికా పరిశోధనలో పదివేల మందిలో ఏడాదికి రొమ్ము క్యాన్సరు ఉత్తుత్తి మాత్ర జట్టులో 30 మందికొస్తే, అసలు మాత్ర జట్టులో 38 మందికి వచ్చిందట. పైగా అందులో ఆడవాళ్ళ సగటు వయసు 63. నా వయసుకీ, నా బాధకీ కొన్నాళ్ళు వేసుకోవచ్చు, ఏటేటా చూసుకుందాం అంది. నీతో వాదించడమెందుకులే అని...”

మర్నాడు పిన్ని పప్పన్నం తెచ్చింది. మూత తియ్యగానే నెయ్యి గుప్పుమంది. ఎప్పుడు మొదలెట్టావు పిన్నీ అంటే, మానేదెప్పుడమ్మా అంది. బాయి దగ్గర తగ్గించడానికి నూనే లేదు. అంతా కూడి చూస్తే, నా వైద్యం తూచా తప్పకుండా పాటించిన రోగిని ఈ కోనిలో నేనొక్కదాన్నే.