తేలే చుక్కకు టీకా తాత్పర్యం

తాటిపాక సెంటర్లో ఒక కొబ్బరి కొట్టు ఉందనుకుందాం. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు సెలవులకొచ్చి మావయ్యకి బిల్లు ప్రోగ్రాం రాసిపెట్టాడు. మొదటి బేరం: ఒక పొట్లంలో వంద గ్రాముల ఎండుకొబ్బరి, ఇంకోదాంట్లో రెండువందలు. తెరమీద కిలోల లెక్కలో ఈ క్రింది మూలం వెలిసింది.

0.1 + 0.2 = 0.30000000000000004

"ఆ చివరి నాలుగు ఎవడిదిరా?" అన్నాడు మావయ్య. కోలాచలం మల్లినాథసూరి రఘువంశానికి వ్యాఖ్య రాసినంత శ్రద్ధగా దీనికీ రాయక తప్పదు.

ప్రతిపదార్థం. 0.1 = పదోవంతుగా పైకి కనబడునది, లోపల మాత్రం 0.1000000000000000055511151231257827 అని మొదలై 55 దశాంశ స్థానాల వరకు సాగునది; + = కూడిక, ఇందు నిర్దోషి; 3 = కొట్టువాడు కోరునది; పదిహేను సున్నలు = ఓపికకు పరీక్ష; 4 = వివాదము.

అన్వయం. 1985లో వచ్చిన ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం ఇలాంటి సంఖ్యకు 64 బిట్లు: గుర్తుకొకటి, ఘాతానికి పదకొండు, మిగతా 52 అంకెలకు. గోదారి వరదలో కొబ్బరికాయలా చుక్క ఘాతాన్నిబట్టి అటూ ఇటూ తేలుతుంది కనుక దానికి ఫ్లోటింగ్ పాయింట్ అని పేరు. రెండు తప్ప వేరే లెక్క తెలియని యంత్రానికి పదోవంతు ఎప్పటికీ తెగదు, మనకి మూడోవంతు 0.333 అంటూ తెగనట్టే.

ఇక్కడ ఒక విశేషం. మన తాతల లెక్కలో ఈ పేచీ దాదాపు లేదు. అర, పావు, వీసం అన్నీ రెండుతో తెగేవే. వీసమంటే పదహారోవంతు, 0.0625, యంత్రంలో నిక్కచ్చిగా ఇముడుతుంది. పాత తెలుగు భిన్నాలు నాలుగు మూలంగా నడిచేవి, వాటి అంకెలకు 2008లో యూనికోడ్ 5.1లో చోటిచ్చారు కూడా. రూపాయిలో అణా సైతం పదహారోవంతే. 1957 ఏప్రిల్ 1న నయాపైసా వచ్చి నూరోవంతు తెచ్చిపెట్టింది, దాంతో మన చిల్లరకీ తెగని జబ్బు పట్టుకుంది. అణాలో పన్నెండోవంతైన 'పై' మాత్రం అప్పుడూ ఇమిడేది కాదు, అందులో మూడు దూరింది గనుక. ఆ వాదన ఇక్కడ అప్రస్తుతం.

ఆక్షేపం: అయితే తప్పు కూడికదేనా? సమాధానం: కాదు, కూడిక తనకి చేతనైనంత దగ్గరగానే చెప్పింది. అసలు రగడంతా పలకడంలోనూ వినడంలోనూ ఉంది. ప్రోగ్రాంని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వంట చేసి వెళ్ళిపోతే వడ్డించేది రన్‌టైమ్ లైబ్రరీ. లోపలి ద్విసంఖ్యను దశాంశంగా అచ్చువేయడం, మనం కొట్టిన దశాంశాన్ని లోపలికి చదువుకోవడం దాని పని. అచ్చువేసినదాన్ని తిరిగి చదివితే అదే సంఖ్య రావాలి, అదొక్కటే ధర్మం. వేదం వల్లించే కోనసీమ ఘనపాఠీలకు ఇది కొత్త కాదు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి పాఠం చెదరకుండా కాపాడినవాళ్ళు. 17 అంకెలిస్తే ఈ ధర్మం నిలుస్తుంది. పాఠాంతరం: పాత పైథాన్ భాష 0.1ని 0.10000000000000001 అని చూపేది. 2009 నాటి 3.1 నుంచి, తిరిగొచ్చేటంత పొట్టి రూపం చాలని 0.1 అంటుంది.

ఇక దోషాలు. 0.15 లోపల 0.149999999999999994 పైచిలుకు. ఒక్క స్థానానికి కుదిస్తే 0.1 రావాలి. లైబ్రరీ బద్ధకించి ముందు 16 అంకెలకు కుదిస్తే 0.1500000000000000 అవుతుంది, దాన్ని మళ్ళీ కుదిస్తే 0.2. పీచు తీసిన కాయకి రెండోసారి పీచు తీస్తే చిప్ప పగిలినట్టు! మరమ్మతు ఏమిటంటే, మొదటి లెక్కలోని అంకెలన్నీ చివరిదాకా చేతిలో ఉంచుకుని ఒక్కసారే కుదించడం. 1990లో ఒకే సదస్సులో పరిశోధకులు స్టీల్, వైట్‌లు అచ్చువేసే పద్ధతినీ, క్లింగర్ చదివే పద్ధతినీ వివరించారు.

చదవడంలో వచ్చిన ఆపద ఇంకా ఘోరం. 2011 జనవరిలో 2.2250738585072011 × 10⁻³⁰⁸ అనే సంఖ్యను అందిస్తే 32 బిట్ల పీహెచ్‌పీ భాష గానుగెద్దులా ఆగకుండా తిరిగింది. ఎనభై బిట్ల ఇంటెల్ రిజిస్టర్ ఎక్కువ కచ్చితత్వం ఒలకబోయడంతో, సరిదిద్దే లూపు ఎప్పటికీ తృప్తి చెందలేదు. చంచలమని అర్థమొచ్చే 'వొలటైల్' అనే ఒక్క మాట చేర్చి ఆపారు. ఆ వెంటనే జావా భాషకి అలాంటి మూర్ఛే 2.2250738585072012 × 10⁻³⁰⁸ దగ్గర వచ్చింది, అక్కడ దిద్దుబాటు రెండు విలువల మధ్య ఊగిసలాడింది. ఆ సంఖ్యను ప్రోగ్రాంలో రాస్తే జావా కంపైలర్ సైతం బిగుసుకుపోయేది. వంటవాడే వడ్డనలో తప్పిపోయాడన్నమాట.

తాత్పర్యం. మేనల్లుడు గంటసేపు తల గోక్కుని, కిలోలు మానేసి బరువంతా గ్రాముల్లో పూర్ణాంకాలుగా దాచాడు. వంద, రెండువందలు కలిస్తే 300. చుక్క లేదు, తేలడం లేదు. మావయ్య కళ్ళజోడు సవరించుకుని తెరకేసి చూశాడు.

"బాగుందిరా. ఇప్పుడు కిలోల్లో చూపించు."